మామిడికాయను నమ్మి దిద్దిన రంగులు

బావా,

నేను బస్సుకు పోతాండాను. నువ్వు లేచినాక మానిటర్ బటన్లు మాత్రం ముట్టుకోవద్దు. తిరుపతి స్టూడియో వాళ్లను అడిగి తెచ్చిన కలర్ మీటర్‌ను తెరకు ఆనించి, రంగులన్నీ సరిచేసినాను. ఆ సరిచేసిన రంగుల కొత్త ప్రొఫైల్‌కు 'కుముద' అని నా పేరే పెట్టినాను, అదే వాడు. కూర్చునే ముందు కిటికీ పరదా వెయ్యి.

మొన్న నువ్వు చేసిచ్చిన పెళ్లి ఆల్బమ్‌లో ముఖాలు నీలంగా ఎందుకు వచ్చినాయో తెలిసిపోయింది. బెంగళూరా మామిడికాయను ఫోటో తీసి, దాన్ని బల్లమీది కాయతో పోల్చి రోజూ తెర రంగు మారుస్తా వచ్చినావు గదా! ఫోటోలో కాయ పచ్చిగానే ఉండాది, బల్లమీదిది పండుతా వచ్చింది. దాంతోపాటే తెరా పసుపెక్కింది. అది తగ్గిద్దామని నువ్వు అందరి ముఖాలకూ నీలం కలిపినావు. "మా పాపకి సలేసినట్టుండాదే, యాడ తీసినారప్పా ఫోటోలు, ఊటీలోనా?" అని పెళ్లికూతురి అమ్మ అడగదా మరి? ప్రింటింగ్ ఆయన మీద ఊరికే అరిచినావు. ఫోన్ చేసి తప్పయిందని చెప్పు.

సరిచేసిన తెరమీద మొదట మన పెళ్లి ఫోటోనే తెరిచినాను, నువ్వు దిద్దకముందుది. నన్ను తెల్లగా చేసి గోడకు తగిలించినావే, ఇందులో నా ముఖం నా రంగులోనే ఉండాది. ఎంత బాగుండానో చూడు! ఈ పొద్దు దాన్నే పెద్ద ప్రింట్ తీయించుకొస్తా. గోడమీద మేకు అట్లే ఉండనీ.

కుముద

బల్లమీద పండు కోసం వెతకొద్దు. తినేసినాను. టెంక ఫ్రిజ్‌లో ఉండాది, నీకే.