మా తమ్ముణ్ణి గోడకు తగిలించిన సంగతి

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పట్టుదల పాఠం చెప్పుటకు మా తమ్ముణ్ణి బడిలోనికి మరల రానిచ్చుట గురించి.

బట్టలు కుట్టుకొని జీవించు నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా తమ్ముడు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టు ఉద్యోగి. మేధో వైకల్యం గలవాడు. అట్టి క్రీడాకారుల పోటీలలో హైజంప్‌లో వెండి పతకం పొందినాడు. పిల్లలకు పట్టుదల నేర్పవలెనని బడివారే పిలిచినారు. మేము తోసుకొని వెళ్ళలేదు.

2. వేదికపై హెడ్మాస్టరుగారు వాడి తల నిమిరి, "ఈ పసివాడే ఇంత సాధిస్తే, అన్నీ ఉన్న మీరెంత సాధించాలి!" అన్నారు. మావాడు మైకు లాక్కొని, "నేను పసివాణ్ణి కాదు సార్. నాకు బట్టతల" అన్నాడు. ఇది వాస్తవము. విచారించుకొనవచ్చును.

3. ఐదో తరగతి వాళ్ళలో ఒకరు, "ఎప్పుడైనా మానేయాలనిపించిందా అన్నా?" అని అడిగారు.

"రోజూ అనిపిస్తుంది."

"మరెందుకు మానలేదు?"

"మానేస్తే అక్క పక్కన కూర్చుని బొత్తాలు కుట్టాలి."

ఈ జవాబు నాకు బాధ కలిగించినది. అయినను దీనిపై ఫిర్యాదు లేదు.

4. పిదప గ్రౌండులో దూకి చూపించాడు. కర్ర పడింది. "మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పడింది. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వి, "మళ్ళీ పెట్టు" అన్నాడు. కాసేపటికి నవ్వులు ఆగాయి. చదువు నిదానంగా ఎక్కుతుందని ఏ ఆటలోనూ చేర్చుకోని పిల్ల ఒకతి లేచి వచ్చి, కర్ర ఎత్తి పెట్టడం మొదలుపెట్టింది. ఆఖరికి మావాడు దాటాడు. అప్పుడా పిల్ల చెప్పులు విప్పి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నేను" అంది. పడింది, కర్రతో సహా. "మళ్ళీ పెట్టు!" అని పిల్లలందరూ అరిచారు. అయ్యా, ఆ పిల్ల కోసం ఎవరైనా అరవడం అదే మొదలట.

5. మర్నాడు లెక్కల్లో తప్పినవారు టీచరుగారితో, "పరీక్ష మళ్ళీ పెట్టండి" అన్నారట. ఇది క్రమశిక్షణ లేకపోవడమని హెడ్మాస్టరుగారు తమకు రాయడం, మావాణ్ణి రానివ్వవద్దని తమరు ఉత్తర్వు ఇవ్వడం జరిగినది. బదులుగా వాడి ఫోటో కింద 'పట్టుదల' అని రాయించి గోడకు తగిలించారు. బతికున్న మనిషిని గోడెక్కించడమేమిటండీ? మావాడు అది చూసి, "అక్కా, నేను చచ్చిపోయానా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

కావున ఫోటో దించి మనిషిని పిలువవలసినదిగా ప్రార్థన. ఫోటో ఆ పిల్లకు దూకడం నేర్పదు. తప్పులున్న మన్నించి, విసుగున్న మింగి, ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పై క్రీడాకారుని అక్క

తా.క.: తమ ఉత్తర్వు వచ్చేదాకా ఆగుదామంటే మావాడూ ఆ పిల్లా వినలేదు. ఆదివారం పొద్దున్నే బస్సు డిపో వెనక ఖాళీ స్థలంలో మొదలుపెట్టేశారు. బడిపిల్లలు కొందరు చెప్పకుండా వచ్చేస్తున్నారు. మాకు కర్ర లేదు, తాడు పట్టుకుంటున్నాం. మొన్న ఆ పిల్ల దాటేసింది. రెండో చివర పట్టుకున్న వాళ్ళమ్మ తాడు వదిలేసి ఏడ్చింది. ఇకమీదట ఆవిడకు ఆదివారాలు డ్యూటీ పడిందట. తమరికి ఆ రోజు సెలవే కదా. రండి, తాడు ఆ చివర పట్టుకుందురుగాని.