ఎఫీ అత్త దుప్పటి మీద పడ్డ బంతి

ఇన్వర్‌కెల్, సోమవారం

తమ్ముడూ డూగల్,

నువ్వు పిరికివాడివి. "గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ అయ్యేదాకా అత్తని బట్టలు ఆరేయొద్దని చెప్పక్కా, టీవీలో పరువు పోతుంది" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఈ సముద్రపొడ్డు పచ్చిక ఊరందరిదీ. ఆడవాళ్లు బట్టలారేసుకునే చోటికి ఆట వచ్చింది గానీ, ఆట దగ్గరికి బట్టలు రాలేదు.

పోటీ నడిపేవాళ్లు బతిమాలారు, బెదిరించారు. అత్త కదిలితేగా! "ఈసారి మానేస్తే, మళ్లీసారి 'అసలెప్పుడు ఆరేశారు?' అంటారు" అంది.

నిన్న ఆఖరి ఆట. అందరికన్నా ముందున్న ఆటగాడి బంతి గాలికి కొట్టుకొచ్చి, పచ్చిక మీద పరిచిన అత్త దుప్పటి మీదే పడింది. రిఫరీ పరిగెత్తుకొచ్చి, "బట్టల మీద పడితే బంతి తీసి పక్కన వేసుకోవచ్చు, శిక్ష లేదు. ఇక్కడి పాత నియమం" అన్నాడు. విన్నావా? మన హక్కు వాళ్ల నియమాల్లోనే ఉంది!

"తీసుకో నాయనా. బురద బూటు తగిలిందో, నీచేతే ఉతికిస్తా" అంది అత్త. అతను టోపీ తీసి, మునివేళ్లతో బంతి ఎత్తుకున్నాడు. జనం చప్పట్లు అత్తకే. నా గుండె ఇంకా పొంగుతూనే ఉంది.

అత్తకి క్షమాపణ రాయి.
బట్టల క్లిప్పులు పంపు, ఇక్కడ గాలి ఎక్కువ.
నీ దగ్గర వదిలొచ్చిన నా పిల్లికి వేళకి తిండి పెట్టు.
ఆదివారం గ్లాస్గో నుంచి నీ దుప్పటి తెచ్చి, అత్త పక్కన నువ్వే ఆరెయ్యి.

పిల్లలకి ముద్దులు.
అక్క ఇష్బెల్