ఏడు కాళ్ల తేలు

అత్తా, ఎట్లున్నావు? నువ్వు పోయి ఏడాది అయింది. మొన్ననే సంవత్సరీకం చేశాం. నీకిష్టమని ఉగ్గాని, బజ్జీ కూడా పెట్టాం. కాకి ముందు బజ్జీనే ఎత్తుకుపోయింది. అది నువ్వేనని నీ కొడుకు తేల్చేశాడు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కొడుకు ఇంకా తాడిపత్రి బండల లారీకే పోతున్నాడు. ఇంటికొస్తే నీ నులకమంచం మీదే పడుకుంటాడు, ఎంత పిలిచినా లేవడు. నీ మనవరాలు శైలు డిగ్రీ అయిపోయి నాతో పాటు అంగడికి వస్తోంది. వానల సంగతి మాత్రం అడగొద్దు... మబ్బు పట్టడం, గాలికి చెదిరిపోవడం. నీకు తెలియనిదా?

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర, సెల్లుఫోన్ల అంగడి పైన, మన టాటూ అంగడి అట్లాగే ఉంది. నువ్వు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ కిటికీ పక్కనే ఉంది. దాంట్లో ఎవరు కూర్చున్నా నాకు మంటే. కానీ వచ్చినవాళ్లకు ఏం చెబుతాను?

ఆ కుర్చీలో కూర్చుని నువ్వు ఒక్క బొమ్మనైనా వదిలిపెట్టావా? ఎనిమిదంకెను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉండే గుర్తు, దానికి అంతం లేదు, ఎప్పటికీ విడిపోమని అర్థం అని చెబితే, "ఇదేందే, బిడ్డ మొలతాడు మెలిపడినట్టు ఉండాది" అన్నావు. సింహం ధైర్యానికి అంటే, "మన సీమలో సింహం యాడుండాది? ఎలుగ్గొడ్డును వెయ్యమను, అది మన ఊరిదే" అన్నావు. దిక్సూచి వేయించుకునే కుర్రాడు, జీవితంలో దారి తప్పకుండా ఉండడానికి అని చెబితే, వాడి ముఖం మీదే అడిగావు, "దారి తప్పేంత దూరం యాడికి పోతాండావప్పా?" అని. వాడు బెంగుళూరుకు అన్నాడు. నువ్వు నవ్విన నవ్వుకు కింద సెల్లుఫోన్ల అంగడాయన పైకి తొంగిచూశాడు.

ఈకలోంచి పిట్టలు ఎగిరిపోయే బొమ్మ ఇప్పటికీ ఆడపిల్లలు వదలడం లేదు. స్వేచ్ఛ అట. త్రిశూలం, డమరుకం శివరాత్రికి ముందు ఎక్కువ. చేతి చుట్టూ గాజు వేసినట్టు నల్ల పట్టీలు, మడతలు మడతలుగా పూల చక్రాలు, మనిషి ముఖం ఫొటో దించినట్టు వేయడం, వెంట్రుక కంటే సన్నగీతతో చిన్న చిన్న బొమ్మలు... రోజుకొకటి. ఇంకో మాట విను. గీతలు లేకుండా ఉత్త చుక్కలతోనే నీడలు తెప్పించే పద్ధతి ఒకటి బాగా నడుస్తోంది. మెషీను వద్దు, చేత్తోనే పొడవండి అని కూడా అడుగుతున్నారు. కంబదూరు చుట్టూ ఊర్లన్నీ బుట్ట చంకన పెట్టుకుని, పచ్చబొట్లు పొడుస్తూ తిరిగినప్పుడు నువ్వు చేసింది అదేగా?

ఒక్కసారి మాత్రం నువ్వు ఎగతాళిని మధ్యలోనే ఆపేశావు. చనిపోయిన తల్లి గుండె పరీక్ష కాగితం తెచ్చి, ఆ గీతను అట్లాగే చేతి మీద వేయమన్నాడు ఒకతను. ముందు నువ్వు "ఎద్దు ఉచ్చ పోసినట్టు ఉండాది" అని మొదలుపెట్టావు. అది వాళ్లమ్మ గుండె కొట్టుకున్న గీత అని నేను చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని అతని రెండో చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. "బాగా పొడువే. ఈ బొమ్మ చెదరగూడదు" అన్నావు.

తేలు బొమ్మకు ఇప్పుడు గిరాకీ పెరిగింది అత్తా. వృశ్చిక రాశి వాళ్లు వచ్చి అడుగుతున్నారు. పౌరుషం, పగ మరిచిపోకపోవడం అని అర్థాలు చెబుతున్నారు. నీ తేలుకు ఆ అర్థం లేదు. శెనక్కాయ కుప్పల కింద, బండల సందుల్లో చేతులు పెట్టే ఆడవాళ్లకు నువ్వు తేలు పొడిచేదానివి. "తేలు వచ్చి దీన్ని చూసి, ఈడ మా వాళ్లే ఉండారని పక్కకు పోతాది" అని వాళ్లకు ధైర్యం చెప్పేదానివి. నిజంగా పోయేదా? నిన్ను అడగలేదు నేను.

తేలు వేసిన ప్రతిసారీ కాళ్లు రెండుసార్లు లెక్కపెడతాను. ఎందుకో నీకు తెలుసు.

పెళ్లయి వచ్చిన ఏడాది నువ్వు నన్ను కూర్చోబెట్టి, మూడు సూదులు దారంతో కట్టి చేతికిచ్చావు. నేర్చుకునే మనిషి మొదటి బొమ్మ నేర్పే మనిషి ఒంటి మీదే పొడవాలని మీ ఇంటి ఆచారం. నీ కాలు నా ఒళ్లో పెట్టావు. నాకు చెమటలు. నువ్వేమో కళ్లు మూసుకుని తమలపాకు నములుతూ, "కదిలేది నా కాలు గాదు, నీ చెయ్యి" అని దెప్పావు. మొత్తం అయ్యాక చూస్తే తోక వంకర, కాళ్లు ఒక పక్క నాలుగు, ఒక పక్క మూడు.

నేను ఏడ్చాను. ఎనిమిదో కాలు పొడుస్తానన్నాను. నువ్వు కాలు వెనక్కి లాక్కున్నావు. "ఉండనీ. నగలు ఈడనే వలుచుకుంటారు, పచ్చబొట్టు నాతోనే వస్తాది. రేపు నువ్వు ఆడికొచ్చినప్పుడు ఈ ఏడు కాళ్ల తేలు చూసి, మా అత్త ఇదేనని గుర్తుపట్టు" అన్నావు. ఆ తర్వాత ఊరంతా చూపించుకుని తిరిగావు, నా కోడలు పొడిచింది అని. ఎంత సిగ్గుపడ్డానో...

మరి నన్ను నువ్వు గుర్తుపట్టడానికి? నాకు నువ్వే పొడుస్తానన్నావు. "ఈసారి శెనక్కాయ పీకినాక" అన్నావు. ఆ ఏడాది వాన లేదు. మరుసటి ఏడాదీ అంతే. ఒక ఏడాది కాయ బాగానే వచ్చింది. అప్పుడు "ఉగాది పోనీ" అన్నావు. టీ గ్లాసు నీ చేతిలో వణికి చీర మీద ఒలికేది. గ్లాసు వేడిగా ఉందనేదానివి. నాకు అర్థమైంది, పైకి అనలేదు. నా వంకర తేలును నవ్వుతూ మోసిన దానివి, నా చేతి మీద నీ వంకర గీత ఒకటి పడితే ఏమయ్యేదని?

చివరి రోజుల్లో మంచం మీద నా మణికట్టు పట్టుకుని బొటనవేలితో నిమిరావు. "బోసి చెయ్యి పెట్టుకొని రాగాకే. ఆడ ఎవరి కోడలివంటే ఏం చెప్తావు?" అన్నావు. నీకు స్నానం చేయించేటప్పుడు ఆ తేలుకు నేనే పసుపు రాశాను. వీధి ఆడవాళ్లు కాళ్లు లెక్కపెట్టి ఏడుస్తూనే నవ్వారు.

ఊరందరికీ పొడిచే దాన్ని, నా చెయ్యి మాత్రం బోసిది. అనంతపురంలో తెలిసిన టాటూ కుర్రాళ్లు మేం వేస్తామక్కా అన్నారు. వద్దన్నాను. ఇంటి చెయ్యే పడాలి గదా. మిగిలింది శైలు ఒక్కతే. అదేమో ట్యాబులో బొమ్మలు అద్దంలా గీస్తుంది, సూది పట్టమంటే మాత్రం గదిలోంచి బయటికి పోతుంది. రక్తం చూడలేదట. ఏడాదంతా అడిగాను, బతిమాలాను, తిట్టాను కూడా. ఇక అది పట్టదనే అనుకున్నాను. రాత కాకపోతే ఏమిటి, నేను కూడా బోసి చేత్తోనే రావాలేమోనని భయం వేసింది అత్తా. ఇవన్నీ ఉత్త మాటలని తెలుసు. అయినా భయం వేసింది.

సంవత్సరీకానికి ముందు వారం కంబదూరు నుంచి ఒక ముసలామె మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె ముంజేతి మీద నీ తులసికోట. ఆకుపచ్చగా అలుక్కుపోయినా చూడగానే నీదని తెలిసింది. మనవరాలికి అచ్చం అదే కావాలట. శైలు ఫొటో తీసి, ట్యాబులో గీసి, మెట్లన్నీ సమానంగా సర్ది చూపించింది. చాలా బాగుంది. ముసలామె మాత్రం తల అడ్డంగా ఊపింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు నువ్వు పొడుస్తుంటే నొప్పికి తను చెయ్యి లాగిందట, కింది మెట్టు అందుకే పక్కకు జరిగిందట. నువ్వు పొడవడం ఆపి, ఒళ్లోకి తీసుకుని, "ఏడుపు అయిపోనీ, నాకేం తొందర" అన్నావట. ఆ మెట్టు తిన్నగా ఉంటే అది తన తులసికోట కాదంది. నీ పేరు చెప్పి ఆ మెట్టును ముద్దు పెట్టుకుంది.

శైలు మెట్టును మళ్లీ పక్కకు జరిపింది. నేను పొడుస్తున్నంతసేపూ గదిలోంచి కదల్లేదు. చూసింది.

సంవత్సరీకం రోజు, కాకి వచ్చిపోయాక, అందరూ తిన్నాక, శైలు తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో కొత్త సూదులు, కాగితం మీద తేలు బొమ్మ. ఎంత చక్కగా గీసిందో... ఎనిమిది కాళ్లు, నిండు కొండి. నేను పెన్ను తీసుకుని ఒక కాలు కొట్టేశాను. ఎందుకని అడగలేదు. నీ కాలు దానికీ గుర్తుంది.

నా చెయ్యి దాని ఒళ్లో పెట్టాను. మొదటి పోటుకు దాని ముఖం తెల్లబోయింది. ఏడుపు అయిపోనీ, నాకేం తొందర అన్నాను. నీ మాటే అత్తా, వేరే మాట నోటికి రాలేదు. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్లీ సూది పట్టింది. నీ కొడుకు మంచం మీది నుంచి లేచి వచ్చి, దీపం పట్టుకున్నట్టు సెల్లుఫోన్ లైటు పట్టుకున్నాడు.

అయ్యాక ఆముదం, పసుపు నేనే రాసుకున్నాను. తోక మోచేతి వైపు తిరిగిపోయింది. ఒక కాలు మరీ పొట్టి. నీ కాలి మీద నేను పొడిచిన దానికంటే వంకరగా ఉంది. శైలు ఏడుపు ముఖంతో సరిచేస్తానంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

పొక్కు ఇప్పుడే రాలుతోంది, దురద పెడుతోంది. గోకకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎండిపోయాక పచ్చగా తేలుతుంది. నేను వచ్చేస్తున్నానని తొందరపడి ఆడ వాకిట్లోకి వచ్చి ఎదురుచూడొద్దు. ముందు శైలుకు ఎనిమిదో కాలు పొడవడం నేర్పించాలి. అది నేర్చుకున్నాక, నాకు తీరిక దొరికినప్పుడు వస్తాను. వచ్చి చెయ్యి చాపుతాను. నువ్వు కాలు చాపు.

నీ కోడలు,
సుజాత