పదిహేడో సీసా

మర్రిగూడ మండలం
12 ఆగస్టు 2016

నా బిడ్డ కోమలకు బాపు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మ, మొన్న ఈనిన మేక, దాని రెండు పిల్లలు అందరం బాగున్నాం. నల్లగొండలో నువ్వు వేళకు తింటున్నావని, పాఠాలు చెప్పి చెప్పి గొంతు పాడు చేసుకోవడం లేదని అనుకుంటున్నాను.

నువ్వు గురుకులం హాస్టల్లో చేరిన నాటి నుంచి నెలకో ఉత్తరం రాసుకోవడం మనకు అలవాటు. చేతిలోకి ఫోన్లు వచ్చినా మానలేదు. ముప్పై ఏళ్లు పోస్టు సంచి మోసినవాణ్ని, ఊళ్లో అందరి ఉత్తరాలూ విప్పకుండా అందించినవాణ్ని. నాకంటూ వచ్చేది నీ ఒక్క ఉత్తరమే. విప్పేటప్పుడు ఇప్పటికీ చేతులు తొందరపడతాయి.

ఈసారి కవరు బరువుగా ఉంటే ఏమిటా అనుకున్నాను. మీ యూనివర్సిటీ సమాచార పత్రిక పంపావు. మన అధ్యాపకులు, సిబ్బంది సాధించినవి అని ఎనిమిది పేజీలు ఉన్నాయి. నీ పేరు ఉన్న పేజీ చూసి పక్కన పెడతాననుకున్నావేమో. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివాను. రెండు రోజులు పట్టింది. చదివిన కొద్దీ అనుమానాలు పెరిగాయి, అవన్నీ నిన్నే అడగాలి.

భౌతికశాస్త్రం సారు ఒకాయన ఆరు నెలల్లో పదకొండు వ్యాసాలు రాశాడని ఉంది. ఆయన అన్నం ఎప్పుడు తింటాడు? ఒక మేడంకు బత్తాయి తొక్కలతో చేసిన పొడికి పేటెంటు వచ్చిందట. ఆ పొడి నీళ్లలో రంగు పోగొడుతుందట. మన తోటల కింద కుప్పలుగా కుళ్లిపోయే తొక్కలే కదా అని మీ అమ్మకు చదివి వినిపిస్తే నమ్మలేదు. పేటెంటు అంటే ఇక ఆమెను అడగకుండా ఎవరూ ఆ పొడి చేయకూడదా? తొక్క రైతుదైనా సరేనా? లైబ్రరీలో పుస్తకాలు సర్దే సాల్మన్ అనే ఆయన, భూమి కొలతలకు పల్లెల్లో వాడే మాటల మీద ఏడేళ్లు తిరిగి పీహెచ్‌డీ తీసుకున్నాడట. ఆయన్ని నాకు ఒకసారి చూపించాలి. ఇరవై రెండేళ్లు ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపిన డ్రైవరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు గానీ ఆయన పేరు ఆఖరి పేజీలో కింద వేశారు. నేనైతే మొదట వేసేవాణ్ని.

ఇక ఐదో పేజీలో నువ్వు. కోమల, కాంట్రాక్టు లెక్చరర్, రసాయనశాస్త్రం. మర్రిగూడ మండలంలో ఫ్లోరైడు తక్కువగా ఉన్న ఒక బోరును గుర్తించి, దాని మీద హైదరాబాదు సదస్సులో మాట్లాడటానికి ఎంపికైందని రాశారు. ఇస్రాయేలు ఇంటి బోరు అని మన ఇంటి పేరు కూడా అచ్చులో పడింది. ఆ పేజీ పట్టుకుని చర్చికి పోయాను, కిరాణం కొట్టుకు పోయాను, పని లేకపోయినా పంచాయతీ ఆఫీసుకు కూడా పోయాను. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, నువ్వు మాత్రం పెదవులు మూసుకుని ఉన్నావు. గారపళ్లు కనబడతాయనే కదా. ఆ పళ్లకు ఆ రంగు నా ఇంటి నీళ్లతోనే వచ్చింది. 

పోయిన ఉత్తరంలో నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. ఈ నెల ఇరవై నాలుగున సదస్సులో అడుగుతారు కాబట్టి జవాబులు గట్టిగా ఉండాలన్నావు. ఖాళీ పోస్టులకు ప్రకటన వచ్చిందని, ఆ రోజు బాగా మాట్లాడితే కాంట్రాక్టు బతుకు తప్పవచ్చని మీ డిపార్టుమెంటు పెద్ద కౌసల్య మేడం చెప్పిందని కూడా రాశావు. ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది, బోరు లోతెంత, కింద ఏ రాయి తగిలిందని. రెండు వందల ఇరవై అడుగులు. ముప్పై అడుగుల దాకా ఎర్రమట్టి, ఆ కింద నల్లరాయి. నూట ఎనభై దగ్గర తడి పొడి వచ్చింది. ఇది నాకు గుర్తున్నదే కాదు, వేసిన నాడు క్యాలెండరు వెనుక రాసి పెట్టుకున్నాను, వెతికి తీశాను.

రెండోది, ఆ చోటు ఎవరు చూపించారు, అక్కడే ఎందుకు వేశామని. చోటు చూపింది రాములు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేను చుట్టూ తిరిగేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు కంటిచూపు తగ్గింది, ఇంట్లోనే ఉంటున్నాడు. పోయి అడిగాను. చుట్టుపక్కల పదహారు బోర్లలో విషం లాంటి నీళ్లు పడితే ఇక్కడొక్కచోటే మంచి నీళ్లు ఎట్లా పడ్డాయని. చాలాసేపు ఆలోచించి, "కాయ లేసి నిలవడ్డది ఇస్రాయేలూ, గంతే. నీళ్ల రుచి కాయకేమెరుక" అన్నాడు. అది సైన్సు కాదు గానీ, ఆ మాటలో నాకు నిజాయితీ కనబడింది.

మన సీసాలో ఫ్లోరైడే కాదు, మిగతా ఉప్పులు కూడా తక్కువగా ఉన్నాయని, బండ చీలికలోంచి వాననీళ్లు బోరులోకి దిగుతున్నాయేమోనని కౌసల్య మేడం అనుమానపడుతున్నట్టు రాశావు కదా. ఆ అనుమానం నన్ను పట్టుకుంది. మొన్న వాన పడ్డప్పుడు కట్టె పట్టుకుని చేనంతా తిరిగాను. నీళ్లు ఎటు పోతున్నాయి, ఎక్కడ ఇంకుతున్నాయి అని చూశాను. గుట్ట దిక్కు బండ మీద ఒక పగులు ఉంది. అందులో చెంబుతో నీళ్లు పోసి, ఎంతసేపటికి దిగుతాయో లెక్కపెట్టాను. దారిన పోయేవాళ్లు నాకు మతి తప్పిందనుకున్నారు. ఈ వయసులో ఒక సంగతి తెలుసుకోవాలని ఇంత ఆత్రం ఉంటుందని నాకే తెలియదు. రాత్రి పడుకుంటే బండ కింద నీళ్లు నడుస్తున్నట్టే ఉండేది.

ఆ సంతోషంలోనే ఉండగా సర్పంచ్ రఘుపతి ఇంటికి వచ్చాడు. మన బోరు నుంచి బడి దాకా పైపు వేసి, పంద్రాగస్టు నాడు నల్లా తిప్పి, పిల్లలు తాగేందుకు నీళ్లు ఇద్దామన్నాడు. యూనివర్సిటీవాళ్లే మంచివని రాశాక ఇంకా ఎవరి పర్మిషన్ కావాలన్నాడు. నేను సరే అన్నాను. నా ఇంటి నీళ్లు బడి పిల్లలు తాగుతారంటే ఎవరు కాదంటారు?

ఆయన పోయాక మీ అమ్మకు చెప్పాను. కందులు చెరుగుతోంది. చేట ఆగింది.

"బడి పోరగాండ్లకా?" అంది. అవునన్నాను. చేటను పక్కన పెట్టింది. తర్వాత నా మొహం చూడకుండా చెప్పింది.

"గా సీసల నేను వోసింది మన బోరు నీళ్లు కాదు. డబ్బా నీళ్లు."

ఇక్కడే నీ మూడో ప్రశ్న వచ్చింది, బిడ్డా. అన్ని సీసాలూ నువ్వే స్వయంగా నింపావా బాపూ అని అడిగావు. అంతకు ముందు ఫోన్లో కూడా అడిగావు. అప్పుడు అవునన్నాను. అది అబద్ధం.

పోయిన నవంబరులో నువ్వు పదిహేడు సీసాలు పంపి, ఎట్లా నింపాలో కాగితం మీద రాసిచ్చావు. మోటారు ఐదు నిమిషాలు నడవాలి, సీసా అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి, మూత దగ్గర గాలి ఉండకూడదు. పదహారు నేనే నింపాను, ఒక్కదాంట్లోనూ తప్పు చేయలేదు. ఇంటికి వచ్చేసరికి మోకాళ్లు పట్టేసి గడప దాటలేకపోయాను. మనది నువ్వు పట్టు అని మీ అమ్మకు ఇచ్చి పడుకున్నాను. లేచాక, పదిహేడూ నేనే నింపానని నీ కాగితం మీద సంతకం పెట్టాను. ఇంటి బోరే కదా, ఎవరు నింపితే ఏమిటనుకున్నాను. ఎండాకాలం రెండోసారి నీళ్లు పట్టే వేళకు మన మోటారు కాలిపోయి రిపేరుకు పోయి ఉండె, కాబట్టి మళ్లీ పరీక్షే కాలేదు.

మీ అమ్మ మోసం చేయాలని చేయలేదు. మన ఊరి సంగతి నీకు తెలుసు. మనం తాగేది బోరు నీళ్లే అయినా, వచ్చినవాళ్ల కోసమని ప్రతి ఇంట్లో కొనుక్కొచ్చిన ఫిల్టరు ప్లాంటు నీళ్ల డబ్బా ఒకటి మూలన పెట్టి ఉంటుంది. దాన్ని పిల్లలు కూడా ముట్టరు. పాస్టరు వచ్చినా, పట్వారీ వచ్చినా, బస్సు కోసం నిలబడ్డవాడు దాహం అన్నా ఆ డబ్బా నీళ్లే ఇస్తాం. ఎందుకు చేశావని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది.

"సీస మీద నీ పేరు రాసున్నది. ఇంటికొచ్చినోళ్లకే మనం గా నీళ్లియ్యం. బిడ్డ కొలువు చేసే జాగకు ఎట్ల పంపుత? ఇజ్జత్ పోదా?"

కోపం రాలేదంటే మళ్లీ అబద్ధమే అవుతుంది. అరిచాను. పెళ్లైన నాటి నుంచి ఆమె మీద అంతగా ఎప్పుడూ అరవలేదు.  ఆ తర్వాత సిగ్గనిపించింది. చూడాల్సింది నేను, చూడకుండా సంతకం చేసిందీ నేనే. పరీక్షంటే ఏమిటో, ఆ సీసాలో చెడ్డ నీళ్లే ఎందుకు కావాలో ఒక్కసారైనా కూర్చోబెట్టి ఆమెకు చెప్పానా? నీ చదువు గురించి ఊరంతా తిరిగి చెప్పాను గానీ ఇంట్లో చెప్పలేదు.

నీకు ముందు చెప్పాలని ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. చెబితే నువ్వు ఏమంటావో తెలుసు. బడి నల్లా ఆపు బాపూ అంటావు. కానీ అనే ముందు నీ గొంతు ఒక క్షణం ఆగుతుంది చూడు, అది వినలేననిపించింది. ఇంకో భయం కూడా ఉంది. నువ్వు ఇప్పుడే బయటపెట్టొద్దంటే? ఇరవై నాలుగు దాకా ఆగు బాపూ అంటే నేను ఆగుతానేమోనని నా మీద నాకే భయం వేసింది. అందుకే నిన్ను అడగకుండా ఒక పని చేశాను.

నిన్న బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. పైపులు తెచ్చి గోడకు ఆనించి పెట్టారు. రఘుపతి నీ పేరు చెప్పి అందరితో చప్పట్లు కొట్టించాడు. నేను లేచాను.

"గా బోరు నీళ్లు మంచియి కావు సర్పంచ్ సాబ్. పరీక్షకు పోయింది డబ్బా నీళ్లు. నింపిన అని దొంగ సంతకం పెట్టింది నేను."

ఆడవాళ్ల వైపు నుంచి మీ అమ్మ కూడా లేచింది. "వోసింది నేను" అంది. నలుగురిలో ఆమె నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

కొందరు నవ్వారు. యూనివర్సిటీ చదువులు ఇంతేనా అని వెనుక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు రాయలేను. రఘుపతి మాత్రం నవ్వలేదు. పైపులు మళ్లీ ట్రాక్టర్‌లో వేయించి, "మీ కోమలకు తెల్సా?" అని నన్ను మెల్లగా అడిగాడు. తెలియదని, ఈ రోజు రాస్తానని చెప్పాను.

రాస్తున్నాను. ఇది ఉత్తరమే కాదు, కౌసల్య మేడంకు చూపడానికి నీకు కాగితం కావాలి కాబట్టి పైన తేదీ వేసి కింద సంతకం చేశాను, పక్కన మీ అమ్మ వేలిముద్ర వేసింది. రేపు పొద్దున మన పక్కింటి సైదమ్మ నల్లగొండ దవాఖానకు వస్తోంది, నీ చేతికే ఇవ్వమన్నాను. దీంతో పాటు ఒక సీసా ఇస్తుంది. ఈసారి మీ అమ్మ పక్కన నిలబడితే, నీ కాగితం మొదటి మాట నుంచి చదువుతూ నేనే నింపాను. మోటారు ఎందుకు నడవాలి, సీసా ఎందుకు కడగాలి అని ప్రతిదీ అడిగింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి నిన్నే అడగాలి.

నీకు రావలసిన పేరు నా సంతకంతోనే పోతోంది. ఉద్యోగం కూడా పోతుందేమో. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు, కానీ అడుగుతున్నాను. ఇరవై నాలుగున నువ్వు హైదరాబాదు పోకపోతే నేనేమీ అనను. పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకుంటే మాత్రం నన్ను కూడా తీసుకుపో. అంత పెద్ద సారుల ముందు ఈ తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే నువ్వు తల దించకు. నాకు చివరి వరుసలో కొనకున్న కుర్చీ ఇప్పించు. మోకాళ్లతో లేవడానికి జర సేపు పడుతుంది గానీ, లేచి నాదే అని చెబుతాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న మీ బాపు
ఇస్రాయేలు

బిక్షమ్మ వేలిముద్ర