దేవదూత వెనక లైటు

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, బాన్సువాడ

నేనేం చేసినా మా ఇంట్లోవాళ్లకు అది పొరపాటుగానే కనిపిస్తుంది. సరిదిద్దడానికి అందరూ ఒకేసారి లేస్తారు.

ఈ సాయంత్రం చర్చిలో నాటకం చివరి రిహార్సల్. పిన్ని కూతురు గ్రేసీ దేవదూత. లైట్లన్నీ ఆర్పించి, దాని వెనక ఒక్క ఫోకస్ లైటు పెట్టాను. ముఖం చీకట్లోనే ఉండాలి, జుట్టు అంచూ తెల్ల చున్నీతో కుట్టిన రెక్కలూ మాత్రమే వెలగాలి. ఆ ఒక్క నిమిషం కోసం వారం రోజులు నిచ్చెన ఎక్కి దిగాను. వెలిగాయి కూడా. గొర్రెల కాపరుల వేషంలో ఉన్న పిల్లలు నిజంగానే నోళ్లు తెరిచారు.

అంతలో నాన్న, "అయ్యో, ముందటి లైటు పోయినట్టుంది బిడ్డా" అంటూ ఫోన్ టార్చ్ వేశాడు. ఆయన్ని చూసి పిన్ని, బాబాయి, ఆ వరుస మొత్తం వేశారు. గ్రేసీ కళ్లు మూసుకుని, చెప్పాల్సిన మాటలు మరిచిపోయింది. రెక్కలు మళ్లీ చున్నీ అయిపోయాయి.

"కావాలనే గట్ల పెట్టిన నాన్నా!"

"మొఖం కనవడకపోతే గింత పౌడర్ ఎందుకు పూసినట్టే?" అని పిన్ని.

రేపు కూడా ఇలాగే అయితే ఎప్పటిలా ట్యూబ్‌లైట్లే వేద్దామని పాస్టర్‌గారు తేల్చేశారు.

సాయం చేశామనుకుంటున్నారు, తిట్టడానికీ లేదు...

రేపు నాటకానికి ముందు, ఆదివారాలు చందా పట్టే కానుకల సంచి నేనే తిప్పుతాను. ఫోన్లన్నీ అందులో వేయాలి. మొదట నాన్నది.