మెట్ల మీద తెల్లటి నురగ

బుధవారం రాత్రి, అమీర్‌పేట

నా బంగారు తల్లి పద్మ భూగర్భశాస్త్రం లెక్చరరైంది! ఏడో తరగతితో ఆగిన ఈ తండ్రికే మొదటి పాఠం చెప్పింది. వికారాబాద్ నుంచి తెచ్చిన నల్లరాయి మీదా, మన మెట్లకు వేసిన షాబాద్ రాయి ముక్క మీదా నిమ్మకాయ పిండింది. నల్లరాయి ఉలకలేదు. షాబాద్ రాయి బుసబుసా నురగ కక్కింది.

“నల్లది లావా చల్లారి గట్టిపడింది నాన్నా. ఇది నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నం. పులుపు తగిలితే కరుగుతుంది.”

ఎంత మురిసిపోయానో! తను లోపలికెళ్లాక ఒక్కసారిగా గుర్తొచ్చింది. పైన అద్దెకున్న కంప్యూటర్ కోచింగ్ వాళ్ల ఇన్వర్టర్ బ్యాటరీలు మెట్ల మలుపులోనే ఉన్నాయి. వాటిలో ఉండేది యాసిడ్ కదా! వాటి కింద మలుపులోని రాతి పలక మీద తెల్లటి నురగ చూసి మొన్ననే అడిగాను.

“ఫికర్ చేయకు పెద్దాయనా, రాయికేమైతది?” అని నవ్వాడు సెంటర్ నడిపే రమేష్.

ఇందాక టార్చి పట్టుకెళ్లి గీకాను. రాయి పొరలుగా ఊడి చేతిలోకొచ్చింది. రమేష్ ఫోన్ ఎత్తడం లేదు. పొద్దున్నే కొత్త బ్యాచ్ పిల్లలంతా ఆ పలక మీదుగానే ఎక్కాలి. మెట్లకు అడ్డంగా మంచం వేశాను, అక్కడే పడుకుంటాను.

సాయంత్రం పాఠం చెప్పినంతసేపూ నా తల్లి ఆ పలక మీదే కూర్చుంది...