నా గొంతుల నిరంజన్

8 మార్చి 2024

నిరంజన్ ఇయ్యాల కరీంనగర్ నుంచి సామాన్ మొత్తం తీస్కొని గోదావరిఖనికి వచ్చిండు. ఇగ వాపస్ పోయేది లేదు. ఆఫీసుల రాజీనామా ఇచ్చిండట. కీబోర్డు మీద ఏళ్లు ఆడుతలేవు, ఇంకేం కంప్యూటర్ నౌకరి బాపు అన్నడు. అనేటప్పుడు నాలిక మొద్దుబారినట్టు తడబడ్డది.

డాక్టర్ చెప్పిన రోగం పేరు నాకు నోరు తిరుగదు. మోటార్ న్యూరాన్ అని మొదలైతది. ముందుగాల చేతులు, తర్వాత మాట, తర్వాత మింగుడు, ఆఖరికి ఊపిరి. మందు లేదట. ముప్పై నాలుగేండ్ల పిలగాడు. సత్తమ్మకు సగమే చెప్పినం. తల్లికి సగం చెప్తే మిగిలిన సగం తెల్వకుంట ఉంటదా.

10 మార్చి

సామాన్ల ఒక చిన్న బోర్డు ఉన్నది. ఆధార్ కార్డంత. గిదే కంప్యూటర్ అంటడు. మూత లేదు, డబ్బా లేదు. ఫోన్ల ఏసే అసొంటి చిన్న కార్డు ఒకటి ఉంటది, ఏదున్నా అండ్లనేనట. దాన్ని నడిపేది లినక్స్ అంట.

వాని ప్లాన్ చెప్పిండు. మాట పోకముందుకే వాని గొంతుతోని మాటలు రికార్డు చేసి బోర్డుల పెట్టాలె. మాట పోయినంక టీవీ మీద గవే మాటలు ఒకటెన్క ఒకటి ఎలుగుతయి. కావాల్సిన మాట కాడ స్విచ్ నొక్కితే బోర్డు ఆ మాట పలుకుతది. స్విచ్ నొక్కేటందుకు ఎడమచెయ్యి బొటనవేలు ఇంకా మంచిగున్నది.

నేను చెప్తా, నువ్వు టైప్ చెయ్యి బాపు అన్నడు. నేను బాయిల పంపు నడిపినోన్ని. బొగ్గు బాయిల నీళ్లు తోడుడు తప్ప నాకేం తెలుసు. ఇంగ్లీష్ అక్షరాలు ఒక్కొక్కటి ఎతుక్కుంట కొట్టాలె. గదే అన్న. ఇంకెవ్వరి చేతులున్నయి అన్నడు.

11 మార్చి

పాస్‌వర్డ్ కొట్టుమన్నడు. కొడుతున్న, స్క్రీన్ మీద ఏం పడుతలేదు. కీబోర్డు ఖరాబైందని వైర్ పీకి మళ్ల పెట్టిన. మళ్ల గట్లనే. వాడు చూసి చూసి నవ్విండు. లినక్స్‌ల పాస్‌వర్డ్ కొడితే చుక్కలు సుత కనబడయట. కొట్టినవని నమ్మి ఎంటర్ నొక్కాలెనట.

వాడు నవ్వి శాన దినాలైంది. నవ్వు సప్పుడుకు సత్తమ్మ వంటింట్ల నుంచి వచ్చి చూసి పోయింది.

17 మార్చి

సప్పుడు రాలే. చూసేటందుకు పెట్టిన పాట ఫైల్ నడుస్తుంది, ఎర్రర్ లేదు, స్పీకర్ మాత్రం మూగది. సప్పుడు ఎటు పోతుందో చూసే కమాండ్ ఒకటి ఫోన్ల చూపెట్టిండు. చివరికి చిన్న ఎల్ ఉన్నది. నేను దాన్ని ఒకటి అనుకొని ఒకటి కొట్టిన. ఎర్రర్. మళ్ల ఒకటి కొట్టిన. మళ్ల ఎర్రర్. వాడు మంచంల నుంచి ఎల్, ఎల్ అంటుండు. నాకు అది ఏం, ఏం అన్నట్టు ఇనబడుతుంది. నేను ఏం లేదు బిడ్డా, కొడుతున్న అంటున్న. పగటాల్ల దాక గిదే పని.

ఆఖరికి దొరికింది. సప్పుడు స్పీకర్‌కు రాకుంట టీవీ వైర్ల పడి పోతుందట. గప్పుడు సమజైంది. పంపు నడుస్తుంది గని వాల్వ్ వేరే పైపుకు తెరిచి ఉన్నది. గింతే. ముందుగాలనే గట్ల చెప్పరాదా అన్న. చెప్పిన బాపు, నీకు ఇనబడలే అన్నడు.

2 ఏప్రిల్

బోర్డు మాటిమాటికి ఆగిపోతుంది. స్క్రీన్ మూలకు పసుపుపచ్చ మెరుపు బొమ్మ పడుతుంది. ఫోన్ చార్జర్‌తోని నడిపిస్తున్నం గద, కరెంటు సాలుతలేదట. లో ఓల్టేజ్‌ల మోటర్ గుర్రుమంటది, నీళ్లెక్కియ్యది. బజార్ల గట్టి చార్జర్ కొనుక్కొచ్చిన. మెరుపు పోయింది.

21 ఏప్రిల్

రికార్డింగ్ షురూ చేసినం. అవ్వా. బాపూ. దూప. బువ్వ. పక్కకు తిప్పు. దోమలు. ఫ్యాన్ బంద్. దవాఖానకు పోదాం. వాడు ఒక్కొక్క మాటకు ఊపిరి పోగుజేసుకొని అంటుండు. మాట సగంల జారిపోతది. నేను మళ్ల చెప్పు అంట. వాడు మళ్ల అంటడు.

కూరగాయలాయన మా గల్లీల ఒర్రకుంట సత్తమ్మ ఎదురుంగ పోయి చెప్పొచ్చింది. కుక్కర్ సుత దించింది. నవ్వు కూడా రికార్డు చెయ్యున్రి అన్నది. చెప్తే నవ్వు ఎట్ల వస్తది.

12 మే

మాటలన్ని అయినయి. బోర్డుల నుంచి వాని గొంతు వస్తుంటే మంచం మీద వాడు కండ్లు మూసుకొని ఇంటుండు. ఇంత మంచిగ మాట్లాడిన్నా అన్నడు. అన్నడనే అనుకుంటున్న. ఇప్పుడు వాడు అనేది నాకు సగం అందుతలేదు.

19 మే

కాపీ కాపీ అంటుండు. ఎన్నడు చాయ్ తప్ప తాగనోడు. సత్తమ్మ కాఫీ పొడి తెప్పించి చేసి, చెంచతోని పోసింది. రెండు గుక్కలు మింగి తల పక్కకు తిప్పుకున్నడు.

22 మే

మళ్ల కాపీ అన్నడు. మళ్ల చేసినం. ఏడ్చిండు. ఎందుకో సమజ్ కాలే.

27 మే

నేను రేషన్ బియ్యానికి పోయిన. వాపస్ వస్తుంటే గాలి దుమారం, ఉరుములు, మెరుపులు. సత్తమ్మ ఎప్పటి లెక్కనే ఇంట్ల స్విచ్‌లన్ని బంద్ చేసి, ప్లగ్గులు పీకి పెట్టింది. వెనుకట ఒకసారి మెరుపుకు టీవీ కాలింది, అప్పటి నుంచి ఆమెకు గదే భయం.

వాన వెలిసినంక బోర్డు పెట్టిన. ఎర్ర లైటు వచ్చింది. పచ్చ లైటు మినుకు మినుకు అనాలె, అంటలేదు. స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు ఉరికి ఉరికి, ఆఖరికి కర్నల్ ప్యానిక్ అని ఆగింది. నిరంజన్ చూస్తుండు. నడిచే బోర్డును ప్లగ్గు పీకొద్దని వాడే నాకు నేర్పిండు. కార్డు మీద రాసుకుంట ఉంటదట, సగంల గుంజితే రాసిందంతా చెడుతదట.

వాడు నా దిక్కు చూసిండు. తర్వాత తల్లి దిక్కు చూసిండు. తర్వాత నన్ను చూసి తల అటిటు ఊపిండు. చెప్పకు అని.

కార్డే ఖరాబుది వచ్చింది అన్న సత్తమ్మతోని.

28 మే, పొద్దున

మొఖం కడుగుతుంటే తట్టింది. వాడు అడిగింది కాఫీ కాదు. కాపీ. ఫైళ్లను ఇంకో కాడ కాపీ చెయ్యుమన్నడు. మేము చెంచతోని కాఫీ పోసినం.

30 మే

కార్డు జేబుల పెట్టుకొని కరీంనగర్ బస్సెక్కిన. వాని ఆఫీసు దోస్తు విజయేందర్ ఇప్పుడు లాప్‌టాప్ రిపేర్ దుకాణం పెట్టుకున్నడు. కార్డును వాని కంప్యూటర్‌కు పెట్టి ఏదో నడిపిచ్చిండు. శాన సేపు పట్టింది. వచ్చినకాడికి వస్తది కాకా, పేర్లు మాత్రం ఉండయి, ముక్కలు ముక్కలుగ ఉంటది అన్నడు. హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టి ఒక్కొక్కటి ఇనుమన్నడు.

ఇన్న. గాలి. ఫ్యాన్ సప్పుడు. నిరంజన్ ఊపిరి పోగుజేసుకునే సప్పుడు, మాట రాకముందే తెగిపోయింది. మళ్ల చెప్పు అని నా గొంతు. మళ్ల చెప్పు. ఇంకోసారి. మళ్ల చెప్పు. నేను గింత గట్టిగ అంటనా వాన్ని. పోలీసోని లెక్క ఉన్నది.

మొత్తంల ఒకటే ఒకటి నిండుగ వచ్చింది. గది మేము రాసుకున్న మాటలల్ల లేదు. అలసిపోయి, నన్ను ఆగుమన్నప్పటిది. ఇగ సాలు బాపు.

విజయేందర్ బయటికి పోయి చాయ్ చెప్పొచ్చిండు. ఇద్దరం తాగినం. పైసలు తీసుకోలే.

2 జూన్

నిరంజన్‌కు ఇప్పుడు మాట లేదు, సప్పుడే ఉన్నది. అట్టముక్క మీద అక్షరాలు రాసిన. నేను ఏలు పెడుతా పోతే కావాల్సిన కాడ కన్ను కొడుతడు. కొత్త కార్డు తెచ్చిన, ఎవరి గొంతు పెడుదాం, విజయేందర్‌ను అడుగుదామా అన్న. వాడైతే మంచిగ చదువుకున్నోడు, మాట సాఫ్‌గ ఉంటది.

నీ, అన్నడు. తర్వాత గొంతు, అన్నడు.

నాది బొగ్గు దుమ్ము తిన్న గొంతు బిడ్డా అన్న. కండ్లు మూసుకున్నడు. కండ్లు మూసుకుంటే ఇగ మాట్లాడేది లేదని అర్థం.

16 జూన్

ఈసారి అంతా నేనే కొట్టిన. వాడు చూస్తడు, తప్పు కొడితే కన్ను కొడుతడు. ఫైల్ దొరుకుతలేదని ఎర్రర్. ఫైల్ అండ్లనే ఉన్నది, నా కండ్లకు కనబడుతుంది. పొద్దంతా కొట్లాడిన. ఆఖరికి చూస్తే పేరుల మొదటి అక్షరం ఒకకాడ పెద్దది, ఒకకాడ చిన్నది. లినక్స్‌కు అవి వేరే వేరే మనుషులట. గింత పట్టింపు ఎందుకో.

23 జూన్

మాటలు రికార్డు చేసిన. దూప, బువ్వ, దోమలు, అన్ని అన్న. అవ్వా అన్న. బాపూ కాడికి వచ్చి ఆగిన. మా బాపు చచ్చిపోయినంక గా మాట నేను పిలుపుగ ఎన్నడు అనలే. ఎవరిని అంట. మొదటిసారి రాలే. రెండోసారి దగ్గు వచ్చింది. నిరంజన్ నన్నే చూస్తుండు. వానికి మళ్ల చెప్పు అనే మాట ఉంటే అనేటోడు.

అన్న. గట్టిగనే వచ్చింది.

ఇగ సాలు బాపు అన్నది మాత్రం వానిదే పెట్టినం, వాని గొంతుతోనే. అన్నిటికన్న ఆఖరికి పెట్టిచ్చుకున్నడు.

7 జులై

స్విచ్ ఒక్కసారి నొక్కితే బోర్డు మూడుసార్లు పిలుస్తుంది. అవ్వా అవ్వా అవ్వా. సత్తమ్మ పిండి చేతులతోని ఉరికొచ్చింది. వాని ఏలు వణుకుతుంది గద, బోర్డుకు అది మూడుసార్లు నొక్కినట్టే. విజయేందర్ ఫోన్ల చెప్పిండు, ఒకసారి నొక్కినంక జరసేపు ఆగుమని ప్రోగ్రాంల ఒక లైను రాయాలె అని. రాసిన. ఇప్పుడు ఒక్కసారే పిలుస్తుంది.

సత్తమ్మ మాత్రం ఇంకా ఉరికే వస్తుంది.

18 ఆగస్టు

దినాం నడుస్తుంది. అర్రల నుంచి నా గొంతు బాపూ అంటది, నేను లేసి పోత. మొదట్ల సత్తమ్మకు పరేషాన్ ఉండె. నా గొంతు అవ్వా అంటే నా మొఖం చూసేది. ఇప్పుడు ఓ అంటది. వాడు పని లేకున్నా పిలుస్తుండు. పోయి నిలబడితే ఏం అడగడు. నేను సుత ఏం అడగ. జరసేపు కూసుంట.

15 సెప్టెంబర్

సత్తమ్మ బియ్యం ఏరుకుంట అడిగింది. ఆ దినం నేను ప్లగ్గు పీకితేనే పోయిందా అని. కాదు, కార్డే ఖరాబుది అన్న. సరే అన్నది. మెరిగెలు ఏరుకుంట ఉన్నది. నాకు చెప్పకుంట మీ ఇద్దరు ఎంత సక్కగ కలిసిన్రు అన్నది. వానికి పదేండ్లు ఉన్నప్పటి నుంచి మీరిద్దరు ఒక మాట మీద ఉన్నది నేను చూడలే అన్నది.

10 నవంబర్, కరీంనగర్

దవాఖానల ఉన్నం. ఛాతిల కఫం నిండింది. బోర్డు వెంబడి తెచ్చిన. విజయేందర్ చిన్న స్క్రీన్ ఇచ్చిపోయిండు. నర్సు ఇదేంది తాత అని అడిగింది. నా కొడుకు నోరు అన్న.

13 నవంబర్

డాక్టర్ బయటికి పిలిచిండు. గొంతుకు రంధ్రం చేసి మిషన్ పెడుతే ఇంకొంత కాలం ఉంటడు, మిషన్ మాత్రం ఇగ తియ్యొస్తది అనుకోకున్రి అన్నడు. సత్తమ్మ పెట్టుమన్నది. నేను సుత పెట్టుమనే అన్న. పిలగాన్ని ఒక్కసారి అడుగున్రి అన్నడు డాక్టర్.

అడిగినం. స్క్రీన్ మీద మాటలు ఎలుగుతున్నయి. అవ్వా పోయింది. బాపూ పోయింది. దూప, బువ్వ, దోమలు, అన్ని పోయినయి. ఆఖరుదాని కాడ ఏలు కదిలింది.

ఇగ సాలు బాపు.

వాని గొంతు. వార్డుల పక్క మంచమోళ్లు సుత తిరిగి చూసిన్రు. గలత్ నొక్కిండు, ఏలు వణికింది అన్న నేను డాక్టర్‌తోని. ఇంకోసారి తిరుగనియ్యుమన్న. మాటలన్ని మళ్ల మొదటి నుంచి ఎలిగినయి. ఇంకోసారి అన్నది నేనే. గప్పుడు రికార్డింగ్‌ల అన్నట్టే అన్న. వాడు మళ్ల గాడికి వచ్చేదాక ఆగి, మళ్ల గదే నొక్కిండు.

సత్తమ్మ వాని నెత్తి నిమురుకుంట, సరే తియ్ బిడ్డా అన్నది.

18 నవంబర్

నిరంజన్ పోయిండు. తెల్లారుజామున.

22 డిసెంబర్

విజయేందర్ ఫోన్ చేసిండు. ఆదిలాబాద్‌ల గజానన్ అని పత్తి జిన్నింగ్ మిల్లుల చేసే ఆయనకు గదే రోగమట. మాట పోతుందట. కాకా, బోర్డు ఇస్తవా అని జర భయంగనే అడిగిండు. సత్తమ్మను అడిగిన. ఇంట్ల పెట్టుకొని ఏం చేస్తం, ఇచ్చి రా అన్నది. కొంచెంసేపు అయినంక, నేను సుత వస్త అన్నది.

19 జనవరి 2025, ఆదిలాబాద్

పాత కార్డు తీసి కొత్తది పెట్టిన. గజానన్ తమ్ముడు మరాఠీల మాటలు రికార్డు చేసిండు, అవ్వా కాడ ఆయీ అని. ఎర్రర్ ఏం రాలే, ఒక్కసారికే లేసింది. గజానన్ తల్లి వాకిట్ల ఉన్నది. ఆయన స్విచ్ నొక్కిండు. బోర్డు ఆయీ అన్నది.

సత్తమ్మకు మరాఠీ రాదు. ఓ అన్నది.